మేకు కనపడని పెరటి డెక్: ఆరేళ్లు వాడాక

సైనిక్‌పురిలో మా ఇంటి వెనక వేపచెట్టు కింద డెక్, అంటే నేలకి కాస్త ఎత్తులో పలకలు పరిచిన అరుగు, వేయించింది 2018 డిసెంబర్‌లో. పదహారడుగులు పొడవు, పన్నెండడుగులు వెడల్పు. కింద జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపుల చట్రం, పైన డబ్ల్యూపీసీ పలకలు. చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసే ఈ పలకల గురించి షోరూముల్లో అందరూ చెప్తారు కాబట్టి నేను మళ్లీ చెప్పను. నేను చెప్పాలనుకున్నది క్లిప్పుల గురించి.

మొదటి ఏడాది ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్లకి చూపించింది ఆ క్లిప్పుల పనితనమే. పలక అంచున గాడి ఉంటుంది, స్టీలు క్లిప్పు అందులో దూరి కింద పైపుకి బిగుస్తుంది. పైన ఒక్క స్క్రూ తల కనపడదు, కాలికి ఏదీ తగలదు. మా చెల్లెలు చూసి ముచ్చటపడి వాళ్లింట్లో కూడా అలాగే వేయించుకుంది.

2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో కురిసిన వాన ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. ఆ రాత్రి పది దాటాక వంటింటి తలుపు తీస్తే పలకల సందుల్లోంచి నీళ్లు పైకి ఉబికి వస్తున్నాయి. పెరటి నీళ్లన్నీ వెళ్లే చాంబర్ డెక్ కిందే ఉంది, గోడవైపు నుంచి ఏడో వరస కింద. అది పూడుకుపోయిందని అర్థమైంది గానీ చెయ్యి పెట్టే దారే లేదు. పక్కలు కూడా అందంగా ఉంటుందని పలకలతో మూయించేశాం. టార్చి పట్టుకుని నేనూ మావారూ వెదురు కర్రతో సందుల్లో పొడుస్తూనే ఉన్నాం. నీళ్లు గడప దాటి వంటింట్లోకి వచ్చాయి. బియ్యం డబ్బాలు గట్టు మీదకి ఎక్కించి తెల్లారేదాకా కూర్చున్నాం. డెక్ వేసినాయన ఫోను ఎత్తలేదు, తర్వాత కూడా రాలేదు.

రెండు రోజులకి దొరికిన వడ్రంగి చూసి, "నడుమల్నించి తియ్యరాదమ్మా, కొసకెల్లి ఒక్కొక్కటి తీస్కుంట రావాలె" అన్నాడు. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఒక వరసని పక్క వరస క్లిప్పు పట్టుకుని ఉంటుంది కాబట్టి మధ్యలో ఒక్క పలక లేపడం కుదరదు. ఇరవై నాలుగు వరసల్లో పద్దెనిమిది విప్పితే తప్ప చాంబర్ కనపడలేదు. విప్పడంలో నాలుగు పలకలకి గాడి పెదవి విరిగింది. చాంబర్‌లో దొరికింది వేపాకుల పూడిక, దాని కింద పైపు నోటికి అడ్డంగా నానిన సిమెంటు సంచి ముక్క. డెక్ వేసినప్పటి నుంచి అది అక్కడే ఉందన్నమాట. కొత్తగా తెచ్చిన నాలుగు పలకలు ఇప్పటికీ ముదురు రంగులో వేరుగా కనిపిస్తాయి, పాతవి అప్పటికే ఎండకి వెలిసిపోయాయి మరి.

అప్పుడే ఆ వడ్రంగి చేత చాంబర్ మీద రెండడుగుల చదరం మూత పెట్టించాను. మూతకి విడిగా చిన్న చట్రం, ఎత్తడానికి ఇత్తడి కడియం. దాని చుట్టూ మూడు వరసలకి క్లిప్పులు మానేసి పైనుంచే స్టీలు స్క్రూలు వేయించాం. వాటి కోసం రాణిగంజ్ దాకా నేనే వెళ్లాను. మామూలు ఇనుప స్క్రూలు వాడితే తుప్పు మరకలు పలకలోకి దిగుతాయన్నాడు వడ్రంగి. ఇప్పుడు ఆ స్క్రూ తలలు కనిపిస్తాయి. నాకు డెక్ మొత్తం మీద అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే. ఉగాది ముందు ఆకు రాలాక ఒకసారి, జూన్ వానల ముందు ఒకసారి మూత ఎత్తి చూస్తాం. ఈ ఏడాది రెండు తట్టల పూడిక వచ్చింది.

మిగతా సంగతి: చెద పట్టలేదు, పలక వంగలేదు. మేలో మిట్టమధ్యాహ్నం మాత్రం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, కాలు చుర్రుమంటుంది. ముదురు గోధుమరంగు ఎంచుకోవడం నా పొరపాటు. పైపుల వెల్డింగు అతుకుల దగ్గర తుప్పు మొదలైతే గీకి, జింకు ప్రైమర్ కొట్టించాం. అది కూడా పలకలు విప్పిన రోజున కంటపడింది కాబట్టే.

మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు. వంటింటి గడప దిగితే ముందు రెండు మెట్లుండేవి, డెక్ వేశాక ఆ మెట్ల అవసరమే లేకుండా పోయింది. ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పెరట్లోకి వెళ్లి, పాత పంచె పరిచి వడియాలు పెట్టుకుంటారు. ఆ ఒక్కదాని కోసమైనా నేను మళ్లీ డెక్ వేయించేదాన్నే. క్లిప్పులంటారా, చెట్టు లేని ఇల్లయి, కింద చాంబర్ గానీ పైపు గానీ లేకపోతే వేయించుకోవచ్చేమో. చెల్లెలింట్లో చెట్టు లేదు, ఇప్పటిదాకా వాళ్లకి ఏ ఇబ్బందీ రాలేదు. అయినా పోయిన నెల వెళ్లినప్పుడు వాళ్ల చాంబర్ ఎక్కడుందో అడిగాను. వాళ్ల డెక్ కిందే ఉందట.