సవన్నా చెట్టుకు ఏది నయం: మనిషి కోతా, ఏనుగు మేతా?

గడ్డి మధ్య అక్కడక్కడా చెట్లుండే నేలను సవన్నా అంటారు. అలాంటి నేలే ఉన్న దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కులో కూలిన మారులా (తినే పళ్లు కాసే అడవి చెట్టు) మాను కనబడితే ఏనుగును తిడతారు. పార్కు కంచె దాటాక నరికిన మొదళ్లు కనబడితే మనిషిని తిడతారు. ఎవరు చేశారన్నది పక్కన పెట్టి రెండు ప్రశ్నలు వేసుకుంటే లెక్క తేలుతుంది: చెట్టులో ఏ భాగం పోయింది? ఎంత వయసు చెట్టు పోయింది?

పళ్లు ఏరడం గురించే అందరూ ముందు కంగారుపడతారు, నిజానికి అన్నింటిలోకీ తక్కువ చేటు అదే. మారులా కాయ పచ్చిగానే రాలి, నేల మీద పండి పసుపు రంగుకు తిరుగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా కింద పడినవి ఏరుకోవడమే, కొమ్మ విరిచే పని లేదు. దశాబ్దాల తరబడి కాసే చెట్టు రాల్చిన వేల టెంకల్లో, దాని బదులు ఒక్కటి మానుగా ఎదిగితే చాలు, సంఖ్య తగ్గదు. అందుకే పళ్లలో చాలా భాగం ఎత్తుకెళ్లినా తోపు నిలుస్తుంది. ఇబ్బంది వేరే దారిలో వస్తుంది. మారులాలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. కాయని చెట్టు ఎందుకని మగవాటిని నరికేస్తే పుప్పొడి కరువై ఆడవాటి కాపు తగ్గుతుంది. పొలాల్లో పెద్ద చెట్లను ఉంచి, మొలకలను మాత్రం దున్నేయడమో పశువులకు మేపేయడమో జరిగినా అంతే: ఇప్పటికి కాపు బాగానే ఉంటుంది, ముసలి చెట్లు పోయాక వెనక వచ్చేవి ఉండవు.

వంటచెరకు కోత విషయంలో జాతిని బట్టి జవాబు మారుతుంది. మోపానే అనే సవన్నా చెట్టును నరికితే మొదలు నుంచి గుబురుగా పిలకలు వేస్తుంది. ఏనుగులు విరిచినా అదే తీరు, ఏళ్ల తరబడి మనిషి ఎత్తు పొదలుగా ఉండిపోతుంది. చావదు గానీ అంత పొట్టి చెట్టు గింజ సరిగా కట్టదు, తొర్రల్లో గూడు పెట్టే పక్షులకూ పనికిరాదు. మోపానే వరకైతే కోతా మేతా సమానమే. కోసేవాళ్లు పిలకల్లో బలమైన రెండు మూడింటిని ఉంచి మిగతావి తీసేస్తే గుంజలు త్వరగా లావెక్కుతాయి. ఏనుగుకు ఈ పద్ధతి నేర్పలేం.

కొమ్మల కోతను తేలిగ్గా తీసుకోకూడదు. పశ్చిమ ఆఫ్రికా దేశమైన బెనిన్‌లో పశువుల కాపరులు ఖాయా సెనెగలెన్సిస్ అనే మహోగని జాతి చెట్టు కొమ్మలు నరికి మేపుతారు, బెరడు మందుకు ఒలుస్తారు. ఆ చెట్లకు కాయా గింజా తగ్గుతాయి. మాను నిలబడే ఉంటుంది కాబట్టి నష్టం వెంటనే కంటికి కనబడదు.

అసలు తేడా తెలిసేది బెరడు దగ్గర. ఏనుగు దంతం మొనతో బెరడు అంచును పెకలించి, తొండంతో పట్టుకుని పైకి లాగుతుంది; పొడవాటి పట్టీ ఒక్కసారిగా ఊడివస్తుంది. ఒక పక్కనే పోతే మారులా చాలాసార్లు కొత్త బెరడు కట్టుకుని గాయం పూడ్చుకుంటుంది. కాండం చుట్టూ పోతే ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు దిగదు, చెట్టు ఎండుతుంది. ఒక పక్క పోయినదానికీ గండం తప్పినట్టు కాదు. బయటపడ్డ కలపను పురుగు తొలుస్తుంది, ఆ చోట మంట అంటుకుంటుంది, పదేపదే వచ్చే కార్చిచ్చులకు కాండం బోలైపోయి గాలికి విరుగుతుంది. మందుకు బెరడు తీసే మనిషి సన్నగా, నిలువుగా, ఒక పక్కనే తీస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు. చుట్టూ ఒలిస్తే మాత్రం అతనికీ ఏనుగుకూ తేడా లేదు.

వీటన్నిటికంటే చేటు మానును తోసి పడేయడం. ఎక్కువగా మగ ఏనుగుల పని ఇది. పడినదాని స్థానంలోకి రావలసిన మొక్కలు ఇంపాలా అనే జింకల మేతకూ మంటకూ చిక్కి గడ్డి ఎత్తులోనే ఆగిపోతున్నాయి. నడిమి ఎత్తు చెట్లు కరువైన చోట ఒక్కో పెద్ద చెట్టు పోవడం తీరని నష్టం. గొడ్డలి మానును మొదలంటా నరికినా ఇదే ఖాతా, కాకపోతే కాసే ఆడ మారులాను ఊళ్లలో సాధారణంగా ఎవరూ ముట్టరు.

మరి చెట్లను కాపాడాలంటే ఏది మేలు?

క్రూగర్‌లో 1967 నుంచి 1994 వరకు ఏనుగులను కాల్చి సంఖ్యను దాదాపు ఏడు వేల దగ్గర ఉంచారు. ఆ ఏళ్లలోనూ పెద్ద చెట్లు తగ్గాయి, మంటలూ అందులో చేయి వేశాయి. కాబట్టి ఏరివేత ఒక్కటే మందు అనేవాళ్ల మాట నేను నమ్మను. జంతువుల కోసం బోరు నీళ్లతో నింపే గుంటలు మూసేయడం నయం, నీటి చుట్టుపక్కల చెట్ల మీద ఏడాది పొడవునా పడే ఒత్తిడి తగ్గుతుంది. కానీ నదులు ఉన్నంతకాలం ఏనుగులు అక్కడికి చేరతాయి, ఒడ్డున ఉన్న మానులకు భారం పెరుగుతుంది.

ఒక్కో చెట్టును కాపాడాలంటే ఇనుప జాలీ, లేదా తేనెపెట్టె. దక్షిణాఫ్రికాలోని జేజానే ప్రైవేటు రిజర్వు (సొంత అభయారణ్యం)లో మారులా చెట్ల మీద రెంటినీ పోల్చారు: ఏమీ కట్టని చెట్లలో 54 శాతానికి ఏనుగు దెబ్బ తగిలింది, జాలీ చుట్టినవాటిలో 28 శాతానికి, తేనెపెట్టెలు వేలాడదీసినవాటిలో 2 శాతానికి. కళ్ల చుట్టూ, తొండం లోపల కుట్టే తేనెటీగలంటే ఏనుగుకు బెదురు. జాలీ బెరడు ఒలవకుండా ఆపుతుంది గానీ కొమ్మ విరవడాన్నీ తోసెయ్యడాన్నీ ఆపలేదు. అయితే పెట్టెకు చాకిరీ ఎక్కువ: కరువులో నీళ్లు, చక్కెర పాకం పెట్టకపోతే తేనెటీగలు లేచిపోతాయి, ఖాళీ పెట్టెను నమ్ముకోలేం. వందల చెట్లుంటే జాలీయే కుదురుతుంది. రాబందులు గూడు కట్టినవి, బాగా కాసే ఆడ మారులాలు లాంటి కొన్నిటికి పెట్టెలు కట్టాలి. జాలీని కాస్త వదులుగా చుట్టి, కాండం లావెక్కేకొద్దీ సడలించాలి, లేకపోతే తీగే బెరడులోకి దిగి ఏనుగు చేయాల్సిన పని అది చేస్తుంది.