62 వేలన్న కారు, లక్షా 86 వేలు తిరిగిన కారు

పోయిన 2,000 రూపాయల మీద కోపంతోనే ఇది రాస్తున్నాను. సెకండ్ హ్యాండ్ కారు కోసం ఒంగోలు నుంచి విజయవాడ వెళ్లాం. నేను, మా ఆవిడ, మా బావమరిది.

ఏజెంటు ఫోన్లో చెప్పింది ఇదీ: తెల్ల వెర్నా, డీజిల్, 2017 మోడల్, తిరిగింది 62,000 కిలోమీటర్లే, 6 లక్షల 40 వేలు. "ఇంకో పార్టీ అడుగుతోంది సార్, టోకెన్ వేస్తే ఆపుతా" అన్నాడు. 5,000 పంపాను. బండి కళ్లతో చూడకుండా మీరు మాత్రం రూపాయి కూడా పంపకండి.

శుక్రవారం రాత్రి పినాకిని రైల్లో దిగి స్టేషన్ దగ్గర లాడ్జిలో ఉన్నాం. గది 1,400. బోర్డు మీద 24 గంటల చెకౌట్ అని ఉంది, పొద్దున 8కే తలుపు బాదారు. పొద్దున్నే గాంధీనగర్ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ తినేసరికి ఆ చిరాకు సగం పోయింది.

ఆటోనగర్ నుంచి ఒక మెకానిక్‌ని 1,500కి మాట్లాడుకున్నాం. ఈ ఖర్చు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. ఏజెంటు షెడ్డుకి వెళ్లగానే ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టి, "వేడిగా ఉంది, ముందే స్టార్ట్ చేసి పెట్టారు" అన్నాడు. చల్లటి ఇంజన్ సెల్ఫ్ కొట్టినప్పుడే పొగ రంగు, శబ్దం తెలుస్తాయి. నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతున్నట్టు. వేడెక్కాక చాలా లోపాలు దాక్కుంటాయి.

మీటర్లో 62 వేలు. క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు మాత్రం గీతలు చెరిగిపోయి నున్నగా ఉంది, స్టీరింగ్ తోలు మెరుస్తోంది. 62 వేలకి అంత అరగదు. ఏజెంటేమో, "సిటీలో తిరిగిన బండి కదా సార్" అంటాడు.

అసలు సంగతి మా ఆవిడ బయటపెట్టింది. ఆమెకి ఆ తెల్ల రంగు బాగా నచ్చింది, వెనక సీట్లో కూర్చుని బెల్టు పూర్తిగా బయటికి లాగింది. చివరి జానెడు మీద ఎండిన బురద గీత. పొడి రాలి చీర మీద పడింది. మెకానిక్ వెంటనే డిక్కీలో స్టెప్నీ తీయించాడు. ఆ గుంటలో మూలల్లో సన్నటి ఒండ్రు. ముందు సీట్ల కింద బోల్టులు తుప్పు. కార్పెట్ అంచు ఎత్తితే ముక్కిపోయిన వాసన.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు ఇళ్లూ బళ్లూ ఎలా మునిగాయో అందరం టీవీలో చూశాం. ఇది ఎక్కడ మునిగిందో ఏజెంటు చెప్పలేదు. మునిగిన మాట మాత్రం వాస్తవం. అలాంటి బండిలో ఇంజన్ బాగుచేసినా వైరింగ్, సెన్సార్లు, ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్లు ఎప్పుడు మొండికేస్తాయో తెలియదు. విజయవాడలో కారు కొనేవాళ్లు సీటు బెల్టులు నాలుగూ చివరిదాకా లాగి చూడాలి.

టోకెన్ తిరిగిమ్మని అడిగితే ఏజెంటు ముందు లేదన్నాడు. మా బావమరిది గొంతు పెంచాక, మూడు గంటల తర్వాత 3,000 ఇచ్చాడు. మిగతా 2,000 'బండి ఆపిన ఖర్చు'ట. మా ఆవిడ అన్నం తినకుండా బస్సెక్కింది.

గుంటూరు బ్రాడీపేటలో రిటైర్డ్ లెక్చరర్‌ గారి ఎతియోస్ డీజిల్, 2015 మోడల్. దాని సంగతి ముందే విన్నాం కానీ లక్షా 86 వేల కిలోమీటర్లు తిరిగిందని వదిలేశాం. ఇప్పుడు దాన్నే చూద్దామని మెకానిక్‌కి ఇంకో 1,000, బస్సు చార్జీలు ఇచ్చి తీసుకెళ్లాం. పొద్దుటి నుంచి తీయొద్దని చెబితే మాస్టారు నిజంగానే బండి కదపలేదు. సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంది. నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే బ్యాక్ కంప్రెషన్ కొట్టలేదు, అంటే లోపలి నుంచి పొగ తన్నుకు రాలేదు. ఈ ఇంజన్‌కి ఉన్నది టైమింగ్ బెల్టు కాదు, చైను. దాని చప్పుడు కూడా లేదు. క్లచ్ తొక్కడానికి బిగుసుగా ఉంది, ముందు సస్పెన్షన్ గతుకుల్లో టకటకమంటోంది. ఆ రెండూ మాస్టారే ముందు చెప్పారు.

ఎతియోస్ ట్రావెల్స్ వాళ్లు బాగా వాడిన బండి కాబట్టి ఎప్పుడైనా పసుపు ప్లేటుతో, అంటే టాక్సీగా తిరిగిందేమో చూడాలి. ఇది మొదటి నుంచీ ఓన్ ప్లేటే, సొంత వాడకం బండే. ఫైల్లో సర్వీసు బిల్లులన్నీ వరసగా ఉన్నాయి, ప్రతి బిల్లు మీదా రీడింగ్ పెరుగుతూ వచ్చింది. దాచకుండా చూపించిన లక్షా 86 వేలు నాకు ఆ 62 వేల కంటే తక్కువనిపించింది.

3 లక్షల 80 వేలు చెప్పారు. క్లచ్‌కీ సస్పెన్షన్‌కీ 25 వేలు అవుతుందని మెకానిక్ లెక్క చెబితే మాస్టారు 3 లక్షల 55 వేలకి ఒప్పుకున్నారు. ఆర్‌సీ మీద పాత బ్యాంకు లోను ఇంకా కనిపిస్తోంది. లోను తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాక, పేరు మార్పిడికి పెట్టే 29, 30 ఫారాల మీద సంతకాలయ్యాకే మొత్తం డబ్బు. ఈసారి 10,000 అడ్వాన్స్‌కి చేతిరాత రసీదు తీసుకున్నాను. మాస్టారి భార్య పెట్టిన పెరుగన్నం, గోంగూర పచ్చడి తిన్నాక మా ఆవిడ మళ్లీ మాట్లాడింది. రంగు బూడిదైనా ఫరవాలేదంది.