నియోవిమ్‌లో మోడ్‌తో పాటు మారే కర్సర్: చాలాకాలం వాడాక

విమ్ అనే పాత టెక్స్ట్ ఎడిటర్ నుంచి పుట్టిందే నియోవిమ్. దాని వేగం గురించి, ప్లగిన్ల గురించి ఇప్పటికే బోలెడు మంది రాశారు. నేను చెప్పేది కర్సర్ సంగతి ఒక్కటే. ఏ సెట్టింగూ ముట్టుకోకుండానే, కీలు ఆదేశాలుగా పనిచేసే నార్మల్ మోడ్‌లో నిండు బ్లాక్, అక్షరాలు టైప్ చేసే ఇన్సర్ట్‌లో సన్నటి నిలువు గీత, ఉన్న అక్షరాల మీదే రాసే రీప్లేస్‌లో అడుగున అడ్డగీత. మామూలు విమ్‌లో, టెర్మినల్‌లో ఇదే కావాలంటే కర్సర్ ఆకారం మార్చమని చెప్పే సంకేతాలు (ఎస్కేప్ కోడ్‌లు) మనమే రాసిపెట్టుకోవాలి. లేదంటే మోడ్ తెలియడానికి స్క్రీన్ అడుగుకు చూడాలి. టైప్ చేసేటప్పుడు కళ్లు అక్కడెందుకుంటాయి? ఒక్కసారి అలవాటయ్యాక దీన్ని వదలడం కష్టం.

ఇన్సర్ట్ నుంచి నార్మల్‌కు రావడానికి ఎస్కేప్ కొట్టగానే కర్సర్ ఒక అక్షరం ఎడమకు జరుగుతుందన్న చిరాకు కూడా దీంతో సగం తగ్గింది. గీత అక్షరాల మధ్య నిలబడుతుంది, బ్లాక్ అక్షరం మీద కూర్చుంటుంది. చివర టైప్ చేసిన అక్షరం మీదికి వచ్చిందని కంటికి తెలుస్తుంది. లైను చివర సరే, మధ్యలో కూడా ఎందుకు జరగాలో మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఇన్సర్ట్‌లోకి వెళ్లే ఐ కీ, ఎస్కేప్, మళ్లీ ఐ, ఎస్కేప్ అని కొడుతూ పోతే ఏమీ రాయకుండానే లైను మొదటికి చేరుకుంటాం! వదిలిన చోటే మళ్లీ రాయాలంటే జీఐ (జీ, ఆపై ఐ నొక్కడం) ఉంది, రోజూ వాడతాను.

"కర్సర్ చూస్తే చాలు, మోడ్ తెలిసిపోతుంది" అని మా టీమ్‌లో అందరికీ చెప్పేవాణ్ని. సర్వర్‌లో టీమక్స్ (ఒకే టెర్మినల్‌లో చాలా విండోలు నడిపే ప్రోగ్రామ్) లోపల వాడటం మొదలయ్యాక ఆ మాటకు షరతులు చేర్చాల్సి వచ్చింది. ఎస్కేప్ కొట్టాక కూడా గీత అలాగే నిలబడి, కాసేపటికి గానీ బ్లాక్ అయ్యేది కాదు. టీమక్స్ పాత వెర్షన్లు, వచ్చింది ఒంటరి ఎస్కేపా, ఏదైనా బాణం కీకి మొదలా అని 500 మిల్లీసెకన్లు ఆగి చూస్తాయి. ఆలస్యమే అయితే సర్దుకుపోవచ్చు. ఒకరోజు జాంగో సెట్టింగ్స్ ఫైల్‌లో పైన కొత్త లైను తెరిచి, క్యాపిటల్ ఏతో మొదలయ్యే పేరొకటి రాయాలి. ఎస్కేప్, పైన లైను తెరిచే క్యాపిటల్ ఓ, ఆ వెంటనే ఏ. పైబాణం కీ నొక్కినా టెర్మినల్ పంపేది సరిగ్గా ఆ మూడే! టీమక్స్ దాన్ని బాణం అనుకుంది. కొత్త లైను రాలేదు, ఇన్సర్ట్ మోడ్ పోలేదు, గీత పై లైనుకు ఎక్కింది, ఏ పోగా మిగిలిన పేరంతా అక్కడున్న కోడ్ మధ్యలో పడింది. వేగంగా కొట్టినప్పుడే ఇలా అవుతుంది కాబట్టి కారణం పట్టుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

టీమక్స్ ఎస్కేప్ తర్వాత ఎంతసేపు ఆగాలో చెప్పే ఎస్కేప్-టైమ్ సెట్టింగ్‌ను 10 మిల్లీసెకన్లకు తగ్గించాక మళ్లీ రాలేదు. అలాగని సున్నా పెట్టకండి, నెమ్మది కనెక్షన్ల మీద అసలు బాణం కీలే ముక్కలైపోవచ్చు.

ఇంకోటి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు రాస్తూ ఎస్కేప్ కొడితే కర్సర్ బ్లాక్ అవుతుంది కానీ కీబోర్డు తెలుగులోనే ఉంటుంది. కిందికి దిగడానికి జే నొక్కితే ర వెళ్తుంది, కర్సర్ కదలదు. ఏ భాషలో ఉన్నామో ఈ కర్సర్ చెప్పదు. నా పని ఎక్కువగా సర్వర్ల మీద, కోడ్‌తోనే కాబట్టి నియోవిమ్‌నే వాడుతున్నాను. రోజంతా తెలుగు రాసేవాళ్లకైతే ఇంత ధైర్యంగా చెప్పలేను. నేనే తెలుగు వ్యాసాలకు మామూలు ఎడిటర్ తెరుస్తాను.