సౌదీలో సెల్‌ఫోన్ షాపు పని అంటే డబ్బు కట్టకండి

నన్ను సౌదీ పంపిన ఏజెంటు ఎవరో మన కోనసీమ వారికి వేరుగా చెప్పనక్కరలేదు. దమ్మాంలో సెల్‌ఫోన్ల షాపులో సేల్స్‌మన్ పని, నాకు రిపేరు కూడా వచ్చు కనుక జీతం ఎక్కువ అని నమ్మించి నా వద్ద 1,60,000 రూపాయలు తీసుకున్నాడు. అందులో సగం, మా నాన్నగారు రాబోయే రెండు దింపుల కాయ మీద కొబ్బరి వ్యాపారి దగ్గర ముందుగా తెచ్చి, కండువాలో మూటగట్టి పట్టుకొచ్చిన సొమ్ము.

అక్కడ దిగిన మూడో రోజున, గదిలో ఉండే రాజోలు అన్నయ్య నా వీసా కాగితం చూసి, "తమ్ముడూ, ఇందులో ఆమిల్ అని ఉంది, అంటే కూలీ. సెల్‌ఫోన్ల కొట్లలో అమ్మకమైనా రిపేరైనా సౌదీ వాళ్లే చేయాలని 2016 సెప్టెంబరు నుంచి ఇక్కడ రూలు" అన్నాడు. ఐదు నెలలు గోదాములో పెట్టెలు మోసి, టిక్కెట్టు నేనే కొనుక్కుని గురువారం ఇంటికి చేరాను.

నిన్న నాన్నగారితో కలిసి ఆ ఏజెంటు ఆఫీసుకు వెళ్తే, కూర్చోమని కూడా అనలేదు. ఆ రూలు సంగతి అడిగితే, "అది పాత రూలే కదా, నాకెందుకు తెలియదు? నేను నీకు అమ్మింది వీసా, ఉద్యోగం కాదు" అన్నాడు. డెబ్బై ఏళ్లకు దగ్గర పడిన మనిషి ఎదురుగా నిలబడి ఉండగా, తెలిసే అమ్మానని అంత తేలికగా చెప్పాడు. నాన్నగారు ఏమీ అనకుండా కండువా దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయారు. ఆ దృశ్యం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

తమ పిల్లలకు ముందు ఉద్యోగాలు ఇవ్వాలని ఆ దేశం అనుకోవడాన్ని నేను తప్పుపట్టను. 2011లో తెచ్చిన నితాఖత్ పద్ధతిలో, ఎంతమంది సౌదీలను పెట్టుకున్నారన్న లెక్కను బట్టి ప్రైవేటు కంపెనీలకు ఒక్కో రంగు ఇస్తారు; ఎరుపులో పడిన కంపెనీకి కొత్త వీసాలు రావు. ఇదంతా దాచిపెట్టేదేమీ కాదు. వెళ్లకముందు రోజంతా ఫోన్లతోనే పనిచేసిన నేను ఒక్కసారైనా వెతికి చూడకపోవడం నా తప్పే.

డబ్బు కట్టే ముందు వీసాలోని వృత్తిని అరబ్బీ వచ్చిన వారి చేత చదివించండి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో, విదేశాల్లో పనికి వెళ్లేవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. లైసెన్సు ఉన్నవారు తీసుకోదగిన రుసుము మహా అయితే 30,000 రూపాయలు, జీఎస్టీ అదనం. నాకు రసీదు ఇవ్వలేదు. అదే మనిషికి కట్టి రసీదు తీసుకున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి, సోమవారం కలిసి ఫిర్యాదు ఇద్దాం.