రోచ్ చేపకు ఏ రాడ్ మేలు?

ఇంగ్లండ్‌లో గాలం పట్టిన చాలామందికి మొదట పడే చేప రోచ్. వెండి రంగు ఒళ్లు, ఎర్రటి రెక్కలు, కంట్లో ఎర్రజీర. మన బొచ్చె, శీలావతి చేపలకు చుట్టమే, కానీ బాగా చిన్నది. అర పౌండు తూగితే మంచి చేప అంటారు. రెండు పౌండ్లు దాటిన రోచ్ కోసం ఏళ్ల తరబడి తిరిగేవాళ్లున్నారు.

మా ఇంటి నుంచి గ్రాండ్ యూనియన్ కెనాల్ నడిచి వెళ్లేంత దూరం. ఇక్కడికొచ్చాక నేను కొన్న మొదటి రాడ్, అంటే గాలం కర్ర, కార్ప్ అనే పెద్ద చేపల కోసం చేసిన కార్ప్ రాడ్. గట్టిది కొంటే అన్ని చేపలకూ సరిపోతుందనుకున్నాను. దానికి తగిలిన రోచ్‌లలో సగం గట్టు దాకా రాలేదు. రోచ్ పెదవి పల్చటి పొర. అది తల విదిలించినప్పుడు రాడ్ కొన వంగకపోతే కొక్కెం ఊడిపోతుంది, లేదా పెదవి చిరుగుతుంది. ఇక్కడ ఈ చేపను వండుకోవడానికి పట్టేవాళ్లు అరుదు. పట్టి, కళ్లారా చూసుకుని వదిలేస్తారు. వదిలేసే చేపకు నోరు చింపి పంపడం నాకు చాలా బాధ కలిగించింది. అప్పటినుంచి రోచ్ రాడ్ చేతిలోకి తీసుకుంటే కొన ఎంత మెత్తగా వంగుతుందో చూశాకే మిగతావి చూస్తాను.

మొదలుపెట్టేవాళ్లకు విప్‌ను మించింది లేదని నా నమ్మకం. చిన్నప్పుడు మన చెరువుగట్టున వెదురు కర్ర కొనకు దారం కట్టి, జీలుగు బెండు తగిలించి, ఎర్ర గుచ్చి వేసిన వాళ్లకు దీన్ని పరిచయం చేయనక్కర్లేదు. వెదురు బదులు సన్నటి కార్బన్ గొట్టం, ఒకదాంట్లో ఒకటి దూరే నాలుగైదు ముక్కలు. దారం చుట్టే రీలు ఉండదు. 4 లేదా 5 మీటర్ల విప్ చాలు. దారం కర్ర కంటే ఒక అడుగు తక్కువ ఉండేలా కట్టుకుంటే చేప గాల్లో ఊగుతూ నేరుగా చేతికొస్తుంది. చిక్కులు పడవు, ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. ఆ ఒకే చోట గుప్పెడు మ్యాగట్లు, అంటే ఈగ పురుగులు, కొంచెం కొంచెంగా చల్లుతూ ఉంటే అరగంటలో రోచ్‌ల గుంపు అక్కడే తిరుగుతుంది. ధర కూడా తక్కువే. కానీ కర్ర, దారం చేరే దూరం దాటి ఎగిరే చేప మీకు అందదు. పెద్ద టెంచ్ గానీ కార్ప్ గానీ ఎర మింగితే ఇవ్వడానికి దారం ఉండదు, తెగిపోతుంది. అందుకే పెద్ద కార్ప్‌లున్న చెరువుకు విప్ తీసుకెళ్లొద్దు.

పోల్ అంటే విప్‌కు పెద్దన్న. 11 మీటర్ల నుంచి 16 మీటర్ల దాకా ఉంటుంది. పై ముక్కల్లో రబ్బరు దారం లాంటి ఎలాస్టిక్ ఉంటుంది, చేప లాగినప్పుడు అది సాగుతుంది. రోచ్‌కు సన్నటి 4 లేదా 5 నంబరు ఎలాస్టిక్ చాలు. పెదవి చిరగకుండా కాపాడటంలో దీనికి సాటి లేదు. బెండును నీటి మీద కదలకుండా నిలబెట్టగలగడం ఇంకో గొప్ప. చలికాలంలో రోచ్ ఎరను పెదవులతో తాకి వదిలేస్తుంది, అప్పుడు ఈ నిలకడే పనికొస్తుంది. అయినా మొదటి రాడ్‌గా పోల్ కొనమని చెప్పను. మంచివాటి ధర వేల పౌండ్లకు వెళ్తుంది. చేపను దగ్గరికి తెచ్చేటప్పుడు పోల్‌ను వెనక్కి జరుపుతూ ముక్కలు విడదీయాలి, దానికి వెనక అంత జాగా కావాలి. కాలవ గట్టు మీద వెనకాలే సైకిళ్లు వెళ్తుంటాయి. గాలి గట్టిగా వీస్తే రెండు చేతులూ నొప్పి పుడతాయి. ఇంకొక మాట, ఇది అందరికీ: కార్బన్‌లో కరెంటు పారుతుంది. పైన కరెంటు తీగలుంటే కనీసం 30 మీటర్ల దూరంలో కూర్చోండి. పోల్ అయినా, విప్ అయినా, మామూలు రాడ్ అయినా ఇదే నియమం.

ఇక 13 అడుగుల ఫ్లోట్ రాడ్, అంటే రీలుతో, బెండు కట్టి వేసే రాడ్. ఒక్కటే కొనగలను, పదేళ్లు వాడతాను అనేవాళ్లకు నా జవాబు ఇదే. అంత పొడవెందుకని చాలామంది అడుగుతారు. పొడవుంటే నీటి మీద పడిన దారాన్ని ఎత్తి పట్టుకోవచ్చు, బెండు మునగగానే కొట్టినప్పుడు, అంటే రాడ్‌ను చటుక్కున పైకి లేపినప్పుడు, సాగిన దారమంతా ఒక్కసారి బిగుస్తుంది. కొన సన్నగా ఉండి, చేప లాగేటప్పుడు మధ్యదాకా వంగేది తీసుకోండి. చిన్న ఫిక్స్‌డ్ స్పూల్ రీలు (దారం చుట్టిన చక్రం తిరగకుండా ఉండేది), 3 పౌండ్ల బరువు ఆపే దారం, చివర అంతకంటే సన్నని 2 పౌండ్ల హుక్ దారం, 18 నంబరు కొక్కెం సరిపోతాయి. కొక్కెం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, కొత్తవాళ్లు ఇక్కడ పొరపడతారు.

చెరువులో, నిదానంగా పారే కాలవలో వ్యాగ్లర్ బెండు వాడాలి. దాన్ని కింది చివర మాత్రమే దారానికి తగిలిస్తారు. బెండు దగ్గర బరువు కోసం చిన్న గుండ్లు బిగించి, రాడ్ కొనను నీళ్లలో ముంచి దారాన్ని మునిగేలా లాగితే గాలికి బెండు కొట్టుకుపోదు. నదిలో అయితే స్టిక్ బెండు, పైనా కిందా రెండు రబ్బరు ముక్కలతో బిగించేది. ప్రవాహంతో పాటు దాన్ని వదులుతూ, మధ్యలో ఒక్క క్షణం పట్టి ఆపితే ఎర పైకి లేస్తుంది. రోచ్ అందుకునేది సరిగ్గా అప్పుడే. నాకు ఈ ఆటలో అన్నిటికంటే ఇష్టమైన క్షణం అదే. ఒకే రాడ్‌తో ఈ రెండు పద్ధతులూ కుదరడం వల్లే దీనికి మొదటి మార్కు ఇస్తున్నాను.

ఫీడర్ రాడ్‌కు బెండు ఉండదు. సన్నటి కొన వణికితే చేప తగిలినట్టు. వరద తగ్గి నీళ్లు ఇంకా మట్టిరంగులో ఉన్న చలికాలపు సాయంత్రాల్లో, బెండు కనపడని వెలుతురులో ఇదే గెలుస్తుంది. ఫీడర్ అనే చిన్న జాలి గొట్టంలో మెత్తగా పొడి చేసిన బ్రెడ్ నింపి, దారానికి తగిలించి, 12 నంబరు కొక్కేనికి చిటికెడు బ్రెడ్ ముక్క నొక్కి, గట్టు దగ్గర నెమ్మదిగా తిరిగే నీళ్లలో వేస్తారు. పెద్ద రోచ్ ఎక్కువగా పొద్దు వాలాకే తిరుగుతుంది. 1 ఔన్స్ అని రాసి ఉండే మెత్తటి కొన తీసుకోండి. గట్టి కొనైతే చేప బరువు తెలిసి ఎర వదిలేస్తుంది. అయితే పగటి వెలుగులో చిన్న చేపల మీద ఇది వాడితే చేప కొక్కేన్ని లోపలికి మింగేసే ప్రమాదం ఎక్కువ. వేసి పక్కకు తిరిగి టీ తాగేవాళ్లకు ఇది తగదు.

సామానులో కొక్కెం బార్బ్‌లెస్‌ది కొనండి, వెనకముల్లు లేకపోతే ఒక్క వేలితో ఊడొస్తుంది. గుండ్లు సీసంవి కాకుండా చూసుకోండి, 1987 నుంచి ఇక్కడ చిన్న సీసం గుండ్లను నిషేధించారు. హంసలు వాటిని మింగి చచ్చిపోయేవి. 13 ఏళ్లు నిండిన ఎవరికైనా రాడ్ లైసెన్స్ ఉండాలి. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా గాలం వేయకూడదు. అప్పుడు విప్ పట్టుకుని కాలవకు వెళ్లొచ్చు, కాకపోతే ఆ కాలవ యజమానుల నియమాలు ముందు అడగాలి.

జూన్ 16న నది తెరిచాక ఫ్లోట్ రాడ్‌తో పాటు డబ్బాలో ఉడికించిన హెంప్ గింజలు పెట్టుకోండి. గంజాయి జాతి మొక్క గింజలే గానీ మత్తు ఉండదు. ఉడికితే పగిలి తెల్లటి మొలక కనిపిస్తుంది, ఆ చీలికలో కొక్కేన్ని దోపాలి. నాలుగు గింజలు చల్లుతూ ఒక గింజతో వేస్తే రోచ్ పిచ్చెక్కినట్టు వస్తుంది. బెండు మునిగిన రెప్పపాటులో కొట్టాలి, ఆ వేగానికి 13 అడుగుల మెత్తటి కొనే తట్టుకుంటుంది.