మా స్టింగ్‌రేకి వాడిన బద్దెపురుగుల మందు – నాలుగు స్టార్లు

మందు పనిచేసింది. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. పూటపూటా రొయ్యలు తింటున్న చేప కళ్లముందే చిక్కిపోతుంటే ఎంత టెన్షనో నాకు తెలుసు.

మాది శ్రీకాకుళం. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఇంట్లో ఆరడుగుల తొట్టెలో మోటోరో స్టింగ్‌రే ఒకటి ఉంది. మన కళింగపట్నం వలల్లో పడే టేకు చేపకి చుట్టమే, కాకపోతే ఇది దక్షిణ అమెరికా నదుల్లో ఉండే రకం. నదిలో పట్టిన చేపేనని అమ్మినతను గొప్పగా చెప్పాడు. నేను అప్పుడే అనుమానించాల్సింది. నదిలో పెరిగిన స్టింగ్‌రే పేగులో బద్దెపురుగులు ఉండటం మామూలే.

మూడో నెలకి తోక మొదట్లో, నడుముకి రెండువైపులా గుంటలు పడ్డాయి. చేపల షాపులో అడిగితే "ఉప్పేయండి, అదే పోతాది" అన్నారు. పోలేదు. ఒకరోజు తొట్టె అడుగున మలం పైపుతో లాగుతుంటే బియ్యపు నూకల్లాంటి తెల్లటి ముక్కలు కనిపించాయి. స్లైడ్ మీద పెట్టి చూశాను. మనుషుల మలంలో ఇలాంటివి చూసిన కన్ను నాది, బద్దెపురుగు ముక్కలని వెంటనే తెలిసిపోయింది. ఆ రాత్రే ప్రాజిక్వాంటెల్ పొడి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాను. మనుషులకీ ఇచ్చే మందే ఇది. (రాగి కలిసిన మందులు మాత్రం స్టింగ్‌రే తొట్టెలో వేయకండి, తట్టుకోలేదు.)

ప్యాకెట్ మీద అసలు మందు ఎంత శాతమో రాయలేదు. చేప బరువు చూసి మోతాదు కట్టాల్సిన మందుకి ఇది చిన్న తప్పు కాదు. ఫోన్ చేస్తే రెండోరోజుకి చెప్పారు. పొడి నీళ్లలో సరిగా కరగదు, పైగా చేదు. రొయ్యకి అద్ది పెడితే రెండుసార్లు ఉమ్మేసింది. మూడోరోజు పస్తు ఉంచి, పొడిని రొయ్య పొట్టలో కూరి, పైన వెల్లుల్లి రసం రాసి పెడితే మింగింది.

మర్నాడు రెండు పురుగులు తలతో సహా బయటికొచ్చాయి. మనుషుల్లో ఉండే బద్దెపురుగు తల మీద పేగుని పట్టుకునే గుండ్రటి చూషకాలు నాలుగుంటాయి. వీటికి వాటి బదులు కాడల మీద ఆకుల్లాంటి భాగాలు నాలుగు, ఒక్కో ఆకులో తేనెపట్టులా వరసగా గదులు! స్టింగ్‌రే పేగు లోపల మరమేకు చుట్లలా మెలి తిరిగిన పొర ఉంటుంది, అక్కడ ఈ ఆకులతోనే అతుక్కుంటాయి. మందు తగలగానే పురుగు కండరాల్లోకి కాల్షియం చొరబడి బిగుసుకుపోతుంది, పట్టు జారిపోతుంది. ఆ రోజు భోజనం సంగతే మర్చిపోయాను. 1981లో బ్రూక్స్, థార్సన్, మేయస్ అనే శాస్త్రవేత్తలు ఇలాంటి పురుగుల చుట్టరికాలు చూసే, ఈ చేపల పూర్వీకులు పసిఫిక్ సముద్రం నుంచి నదుల్లోకి వచ్చాయని వాదించారు. తర్వాత చేపల జన్యువులు పోల్చినవాళ్లు కరీబియన్ వైపు మొగ్గారు. ఏదైనా, పేగులో పురుగు అంత దూరం చరిత్ర మోస్తోందంటే నాకు ఒళ్లు పులకరించింది.

మిగతా చేపలకి అంటుకుంటుందేమోనని మా ఆవిడ భయపడింది. ఈ పురుగు గుడ్డు నేరుగా ఇంకో చేపలో పెరగదు, ముందు వేరే చిన్న జీవుల ఒంట్లో కొంత ఎదగాలి. మా తొట్టెలో ఆ వరస సాగదు.

మూడు వారాలకి రెండో డోసు వేశాను. ముక్కలు మళ్లీ కనపడలేదు, నడుము గుంటలు పూడుతున్నాయి. ప్యాకెట్ మీద శాతం అచ్చువేసిన రోజున ఐదో స్టార్ కూడా ఇస్తాను.