స్టీల్ గిటార్‌ని రెసొనేటర్‌గా మార్చే పెడల్ అంటూ అమ్ముతున్నారు, జాగ్రత్త!

స్టీల్ గిటార్ వాయించేవాళ్లు మన తిరుపతి, చిత్తూరు వైపు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. నేను స్టీల్ గిటార్ సౌండ్ మార్చే పెడల్ (కాలితో నొక్కే కరెంటు పెట్టె) ఒకటి కొన్నానని తెలిసి, అంత తక్కువ మందిలోనే ముగ్గురు ఫోన్ చేసి "ఆ పెడల్ ఎట్లుందన్నా, తెప్పించుకోమంటావా" అని అడిగారు. ఒక్కొక్కరికీ మొదట్నుంచి చెప్పలేక జరిగిందంతా ఇక్కడ రాస్తున్నాను. నాకు పోయింది 14,500 రూపాయలు.

నాది ఒళ్లో పెట్టుకుని వాయించే ఆరు తీగల ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్. మనవాళ్లు హవాయన్ గిటార్ అంటారే, అది. మా నాయన ఒకప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో దాన్నే వాయించేవాడు. ఆయన చేతి నుంచి నాకొచ్చింది. ఎప్పట్నుంచో నాకు రెసొనేటర్, అంటే లోపల లోహపు కోన్ ఉండే గిటార్, సౌండ్ మీద మోజు. డోబ్రో అంటే ఇంకా ఎక్కువమందికి తెలుస్తుంది. మీటగానే టంగుమని లోహం పలికి, అంతలోనే సద్దుమణిగే గొంతు అది. స్టీల్ గిటార్ సాగదీసి పాడితే, డోబ్రో తుంచి తుంచి మాట్లాడుతుంది. అసలు వాయిద్యం కొనే స్తోమత లేదు. మన వైపు షాపుల్లో నాకు కనబడనూ లేదు.

అలాంటి సమయంలో ఫోన్‌లో ఒక వీడియో వచ్చింది. "మీ స్టీల్ గిటార్ ఒక్క నొక్కుతో రెసొనేటర్!" అని పైన రాసి ఉంది. కింద చిన్న నల్ల పెట్టె, దాని మీద కాలు, ఆ తర్వాత అచ్చం డోబ్రో సౌండ్. రాత్రి పదకొండింటికి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పదిసార్లు విన్నాను. పొద్దున్నే అమ్మేవాడికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను.

"సార్, ఏ స్టీల్ గిటార్‌కైనా పనిచేస్తుంది సార్. వారం రోజుల రిటర్న్ కూడా ఉంది" అన్నాడు. "నాది మ్యాగ్నెటిక్ పికప్ (తీగ కదలికని కరెంటుగా మార్చే అయస్కాంతపు భాగం), దానికీ పనిచేస్తుందా?" అంటే "అన్నిటికీ సార్" అన్నాడు. మా ఫ్రెండు ఒకాయన పెడల్ స్టీల్ అనే ఇంకో రకం స్టీల్ గిటార్ కొనాలని చూస్తున్నాడు, దాని గురించీ అడిగాను. "అదే కదా సార్ ఇది, స్టీల్‌కి పెడల్" అన్నాడు. నేను అక్కడే ఆగిపోవాల్సింది. పెడల్ స్టీల్‌లో పెడల్ అంటే కాలితో తొక్కితే కింద రాడ్లు లాగి తీగ శ్రుతి మార్చే యంత్రాంగం. కరెంటుతో నడిచి సౌండ్ మార్చే ఎఫెక్ట్స్ పెట్టెకీ దానికీ సంబంధమే లేదు. ఆ తేడా కూడా తెలియనివాడు నాకు పెడల్ అమ్ముతున్నాడు. ఆశలో పడి నవ్వుకుని వదిలేశాను. యూపీఐలో డబ్బు కొడితే తెర మీద షాపు పేరు కాకుండా ఎవరో మనిషి పేరు కనబడింది. దాన్నీ వదిలేశాను.

నాలుగో రోజు పార్సిల్ వచ్చింది. బరువుగా, మంచి మెరుపుతో చూడ్డానికి బాగుంది. వెనక 9 వోల్టులు, సెంటర్ నెగటివ్ (ప్లగ్ మధ్య భాగం నెగటివ్) అని గుర్తు ఉంది. వాళ్లు ఇచ్చిన అడాప్టర్ మీద చూస్తే మధ్య పిన్ను పాజిటివ్! నా దగ్గర మామూలు పెడల్ అడాప్టర్ ఉంది కాబట్టి సరిపోయింది. పెట్టెలో వచ్చిందే కదా అని గుచ్చి ఉంటే, లోపల రక్షణ లేకపోతే సర్క్యూట్ అక్కడికక్కడే మాడిపోయేది. మాడిపోతే "మీరే కాల్చేశారు" అనడానికి వాడికి వీలుగా కూడా ఉండేది. పెడల్ ఏదైనా సరే, ముందు ఈ రెండు గుర్తులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఆంప్లిఫయర్‌కి కలిపి, బార్ (తీగల మీద జార్చే ఉక్కు కడ్డీ) తీగల మీద పెట్టి, కాలితో నొక్కి మీటాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఫోన్ స్పీకర్‌లో పెట్టారా?" అంది. వరండాలో కూర్చున్న నాయన కాసేపు విని, "సన్నబడింది, అంతే" అన్నాడు. నిజంగా అంతే. సౌండ్‌లో మధ్య భాగం సన్నగిల్లింది, పైన సీసా మీద గోరు గీసినట్టు ఒక చురుకు వచ్చింది. నోట్ మాత్రం ఎప్పటిలాగే సాగుతూనే ఉంది. డోబ్రోలో గుండెకాయ లాంటిది నోట్ అలా త్వరగా తగ్గిపోవడమే. అదే లేదు.

ఇది ఎందుకు కుదరదో మన వాళ్లకి వీణతో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది. పనస కర్రతో తొలిచిన కుండ వీణకి ప్రాణం. తీగ కదలిక గుర్రం (తీగల్ని మోసే బ్రిడ్జి) మీదుగా కుండలోకి దిగి, అక్కడి నుంచి గాలిలోకి వస్తుంది. రెసొనేటర్‌లో ఆ కుండ పని చేసేది పల్చటి అల్యూమినియం కోన్, లౌడ్‌స్పీకర్ కోన్ లాంటిదే. తీగ శక్తిని అది గబగబా గాలికి ఇచ్చేస్తుంది. అందుకే మొదట గట్టిగా పలికి త్వరగా తగ్గుతుంది. నా గిటార్‌లో ఉన్నది గట్టి చెక్క, దాని మీద అయస్కాంత పికప్. ఆ పికప్‌కి ఉక్కు తీగ కదలిక తప్ప ఇంకేమీ వినపడదు. కుండ లేని వీణకి వెయ్యి మీటలున్న పెట్టె తగిలించినా కుండ పుట్టదు కదా.

దీంట్లో ఒక తమాషా ఉంది. 1920ల్లో అమెరికాలో వాద్యబృందాల మధ్య గిటార్ వినబడక, జార్జ్ బీచమ్ అనే హవాయన్ గిటార్ వాద్యకారుడు గట్టిగా పలికే గిటార్ కావాలని తిరిగాడు. నేటి స్లోవాకియా నుంచి వలస వచ్చిన జాన్ డోపియెరా అల్యూమినియం కోన్లతో అది చేసి పెట్టాడు. 1927లో నేషనల్ కంపెనీ పేరుతో మూడు కోన్ల గిటార్ వచ్చింది. మరుసటి ఏడాది డోపియెరా విడిపోయి అన్నదమ్ములతో కలిసి ఒకే కోన్‌తో డోబ్రో మొదలుపెట్టాడు. డోపియెరా బ్రదర్స్ అనే మాటల్లోంచి వచ్చిన పేరది, వాళ్ల భాషలో 'మంచి' అని అర్థం కూడా ఉంది. నాలుగేళ్లు తిరక్కుండానే అదే బీచమ్ ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్ తెచ్చాడు. పెనంలా ఉంటుందని ఫ్రైయింగ్ పాన్ అన్నారు దాన్ని. గట్టిగా వినబడాలంటే ఇక కోన్‌తో పనే లేదు. కోన్ వద్దని కరెంటు తెచ్చుకున్నాం, ఇప్పుడు కరెంటులోంచి కోన్ తీయమని డబ్బులిస్తున్నాం!

పెడల్‌ని తిరుపతిలో లీలామహల్ దగ్గర ఆంప్లిఫయర్లు బాగుచేసే మిత్రుడి దగ్గరికి తీసుకెళ్లాను. నాలుగు స్క్రూలు విప్పక ముందే, పైన ఉన్న స్టిక్కర్ అంచుని గోరుతో లేపాడు. కింద ఇంకో పేరు, దాని కింద 'అకూస్టిక్ సిమ్యులేటర్' అని అచ్చు. ఎలక్ట్రిక్ గిటార్‌ని మామూలు చెక్క గిటార్‌లా అనిపించేలా చేసే చవక పెడల్ అది. "మూడు వేల సరుకు సామీ ఇది" అన్నాడు. టీ తెప్పించాడు గానీ నాకు తాగబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి ఆ వీడియోని వేగం తగ్గించి మళ్లీ చూశాను. పద్నాలుగో సెకనులో కాలు నొక్కుతుంది, సౌండ్ మారుతుంది. పెడల్ మీద ఎర్ర లైటు మాత్రం వెలగదు. మొత్తం వీడియోలో ఒక్కసారి కూడా వెలగలేదు. ఇంకా కిందికి చూస్తే, ఒక మూల క్షణం పాటు గుండ్రటి లోహపు పళ్లెం అంచు. అంటే వాయించేదే అసలు రెసొనేటర్, ముందు మైకు పెట్టి రికార్డు చేశారు. వినేటప్పుడు చెవులు ఇంత పెద్దవి చేసుకున్నాను, కళ్లు మూసుకుని.

ఇంకో గందరగోళం కూడా ఉంది, దాన్నీ వీళ్లు వాడుకుంటున్నారు. డోబ్రో దిగ్గజం జెర్రీ డగ్లస్ పేరుతో ఫిష్‌మన్ కంపెనీ తెచ్చిన పెడల్ ఒకటి నిజంగా ఉంది, మంచిదే. కానీ అది రెసొనేటర్‌లోనే పికప్ బిగించుకున్నవాళ్ల కోసం, ఆ పికప్ సౌండ్‌ని మైకు ముందు వాయించినట్టు చేయడానికి. కోన్ ఉన్నవాడికి అది సాయం చేస్తుంది. కోన్ లేనివాడికి కోన్ ఇవ్వదు. పెట్టె మీద 'రెసొనేటర్' అనే మాట కనబడగానే మన కోసమే అనుకోకండి.

కొనాలనే ఉంటే మీ గిటార్, మీ బార్ తీసుకెళ్లి షాపులోనే వాయించి చూడండి. దానికోసం చెన్నై దాకా రైల్లో వెళ్లినా నష్టం లేదు. ఒక్క తీగ మీటి, వాల్యూమ్ పెడల్ ముట్టుకోకుండా వదిలేయండి. కొనబోయే పెడల్ ఆన్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉన్నా నోట్ ఒకేలా సాగుతుంటే మీరు కొంటున్నది ఉత్తి టోన్ కంట్రోల్ (బేస్, ట్రెబుల్ మార్చే మీట). ఆన్‌లైన్ అయితే, లైటు కనబడేలా, మధ్యలో కత్తిరింపులు లేకుండా, స్టీల్ గిటార్ మొత్తం ఫ్రేములో ఉండేలా వీడియో పంపమనండి. నాకు అమ్మినవాణ్ని తర్వాత అడిగితే "స్టూడియో బిజీ సార్" అన్నాడు.

నాకు కాస్తో కూస్తో పనిచేసినవీ చెబుతాను. పాత ఈక్యూ పెడల్‌లో (సౌండ్‌లో బేస్, ట్రెబుల్ లాంటివి విడివిడిగా సర్దేది) కింది బేస్ బాగా తగ్గించి, ఒకటి రెండు కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం పెంచి, ప్రతిధ్వని ఇచ్చే డిలే పూర్తిగా తీసేశాను. లోహపు ఫింగర్ పిక్స్‌తో బ్రిడ్జికి దగ్గరగా మీటి, వాల్యూమ్ పెడల్‌తో నోట్‌ని సాగదీసే అలవాటు మానుకున్నాను. చేతికి అదే కష్టం, ఏళ్ల అలవాటు. శ్రుతి డోబ్రోవాళ్లలా జి-బి-డి-జి-బి-డి పెట్టాను. గుండ్రటి బార్ బదులు పక్కన గాడి ఉన్న బార్ పట్టుకుంటే ఓపెన్ (బార్ తాకని) తీగలతో కలిపి టకటకమనిపించే పలుకులు తేలిగ్గా వస్తాయి. ఆ సౌండ్‌లో సగం పెట్టెలో కాదు, ఎడమ చేతిలో ఉందని అప్పుడు తెలిసింది. అసలు రెసొనేటర్ స్పందనని రికార్డు చేసి వాడే ఇంపల్స్ రెస్పాన్స్ పెడల్ ఒకటి మిత్రుడి దగ్గర వాడి చూశాను. చవక సిమ్యులేటర్ కన్నా చాలా నయం. పక్క గదిలోంచి వింటే నమ్మొచ్చు. ఎదురుగా కూర్చుంటే కాదు.

ఇక డబ్బు సంగతి. రిటర్న్ అడిగితే "ఓపెన్ చేశారు కదా సార్, రాదు" అన్నాడు. ఓపెన్ చేయకుండా పనిచేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది అంటే నంబర్ బ్లాక్ చేశాడు. బిల్లు ఇవ్వలేదు. పార్సిల్ విప్పేటప్పుడు నేను వీడియో తీయలేదు, అది నా తప్పు. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ల లోపు వేయాలి. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. చాట్ స్క్రీన్‌షాట్లు, యూపీఐ రసీదు, స్టిక్కర్ లేపిన ఫోటో దాచి ఉంచాను. మీలో ఎవరైనా ఇదే వీడియో చూసి కొని ఉంటే మీ ఆధారాలూ చెరిపేయకండి, నాకు మెసేజ్ పెట్టండి, అందరం కలిసే వేద్దాం.

నిన్న రాత్రి ఆ వీడియో మళ్లీ వచ్చింది. పేజీ పేరు మార్చారు, ధర 12,999కి దించారు. పద్నాలుగో సెకనులో లైటు ఇప్పటికీ వెలగట్లేదు.